సగం నాది

1

మోత: ఐదు వంతులు. చోటు: వెన్ను, రెండు మోకాళ్ళు. సాయంత్రం మందు తర్వాత మొదలై దీపాలు పెట్టేదాకా.

ఆసుపత్రివాళ్ళకు ఇంతవరకు చాలు. మోతమనుషులు రోజూ రాసి పంపాల్సింది ఇదే. మిగతాది నా కోసం రాసుకుంటున్నాను.

గది బాగుంది. ఉప్పుమిద్దెల్లో తొమ్మిదో మిద్దె, నాలుగో అంతస్తు. కిటికీ కింద సముద్రం, అందులో పాత ఊరి కరెంటు స్తంభాల తలలు. పైకప్పు మీది సౌర పలకల మీద పేరిన ఉప్పు పొద్దున్నే తుడవడం ఈ అంతస్తువాళ్ళ వంతు. తుడిచాను. వేళ్ళ సందులు మండుతున్నాయి.

సరిగ్గా నా పైగదిలో హైమవతిగారు ఉంటారు. ఆమెకు ఎముకల్లోని మూలుగకు జబ్బు. మందు పాత మూలుగను కాల్చి కొత్తది పుట్టిస్తుంది. నొప్పి మాత్రలు వేసుకుంటే ఆ మందు పనిచేయదు. అందుకని నొప్పిని పంచుకోవాలి. ఆమె చెవి వెనక ఒక బిళ్ళ, నా చెవి వెనక ఒక బిళ్ళ. పదింట ఐదు వంతులు నాకు వస్తాయి. ఐదుకు మించి ఆమె మీద ఉంటే గుండె తట్టుకోదు, మందు ఆపేస్తారు. మందు ఆపితే జబ్బు ఆగదు.

బిళ్ళ ఒక్క అంతస్తు దూరం దాటి పనిచేయదు. అందుకే సత్తిరాజుగారు నాకు ఈ గది చూసిపెట్టారు. ఆయన హైమవతిగారి భర్త.

పెళ్ళైనవాళ్ళకు మాలాంటివాళ్ళ అవసరం పడదు. తాళి కట్టగానే పురోహితుడు పెళ్ళికూతురి వేలికి ముల్లు గుచ్చుతాడు. పెళ్ళికొడుకు ఉలిక్కిపడి "సగం నాది" అంటాడు. తర్వాత ఆయన వేలికి ముల్లు, ఆమె నోట ఆ మాట. బంధువులు నవ్వుతారు. ఇద్దరి బిళ్ళల మీదా లక్క పోసి ముద్ర వేస్తారు. ఆసుపత్రి గుమ్మంలో అడిగే మొదటి మాట జబ్బు పేరు కాదు. "సగం ఎవరిది?" అని. ఆ మాట దగ్గర ఆగిపోయిన పెళ్ళిళ్ళు చూశాను. ఒకాయన భార్యను బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆవిడకు నేనే మోశాను.

సత్తిరాజుగారు "నాది" అన్నారు. మూడు పూటలు మోశారు. తర్వాత నన్ను రేవు దగ్గర పట్టుకున్నారు.

"నా వల్ల కావట్లేదు తల్లీ. ఆవిడకి మాత్రం తెలీకూడదు. తెలిస్తే వెళ్ళిపోద్ది. కోపంలో ఓసారి అననే అంది, సగం పట్టలేని మొగుడు నాకెందుకని."

ఆయన తాళ్ళబండి మేస్త్రీ. మిద్దెకూ మిద్దెకూ మధ్య తీగల మీద నడిచే బండ్ల ఇనుప చక్రాలను ఒంటిచేత్తో ఎత్తుతారు. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు.

రోగికి తెలియకుండా మోయకూడదు. మా పనిలో మొదటి నియమం అది. నేను సరేనన్నాను. గదికి కిటికీ ఉంది, పుస్తకాలు పెట్టుకోవడానికి గోడలో గూడుంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇదీ నా కారణం. ఇంతకన్నా మంచి కారణం కోసం వెతికాను. దొరకలేదు.

2

మోత: ఐదు. చోటు: వెన్ను, ఎడమ మోకాలు ఎక్కువ.

వంటగది గోడలో గాలిగొట్టం ఉంది. అందులోంచి పైగది మాటలు వినిపిస్తాయి. నిన్న గుడ్డ కుక్కాను. ఇవాళ తీసేశాను.

మోత వచ్చినప్పుడు ఒంటిని వదిలేయాలి. బిగిస్తే అది ఎదురు తన్ని రోగి మీదికే తిరిగిపోతుంది. నేను పుస్తకం పట్టుకుని మోస్తాను. కళ్ళు అక్షరాల మీద ఉంటే ఒళ్ళు దానంతటదే వదులవుతుంది. కాన్వెంట్ ప్రార్థనల్లో మోకాళ్ళ మీద ఉండి నేర్చుకున్న విద్య.

మోత దిగాక పైనుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏవండీ, ఎంత మెత్తగా పట్టారండీ ఇవాళ! మొదట్లో గాడిదలా తన్నారు."

"అలవాటవుతుందిలే," అన్నారు ఆయన.

"బాగా నొప్పెట్టిందా?"

"ఆఁ."

"ఎక్కడ?"

ఆయన దగ్గారు.

"నీకెక్కడో నాకూ అక్కడే కదే."

ఆమె నవ్వింది. "ఇన్నేళ్ళకి ఒక్క మంచి మాట అన్నారు. ఇలా రండి, మెడ మర్దన చేస్తాను."

ఎడమ మోకాలు, అన్నాను నేను, గోడతో.

3

మోత: ఐదు. చోటు: వెన్ను.

ఇవాళ పైకప్పు మీద ఉప్పు తుడుస్తుంటే హైమవతిగారు వచ్చారు. మెట్టుకో చోట ఆగి, గోడ పట్టుకుని. తలకు గుడ్డ చుట్టుకుంది, జుట్టు ఊడిపోయినట్టుంది. కళ్ళు మాత్రం చాలా చురుకు. నేను తలొంచుకుని తుడుస్తూనే ఉన్నాను.

"కిందింటి అమ్మాయివి నువ్వేనా? మనిషివా నీడవా? అలికిడే ఉండదు."

"దయామణి అండి."

"అండీ గిండీ ఎందుకు, అక్కా అను. ఏం చేస్తుంటావ్ రోజంతా?"

"చదువుకుంటాను."

"పైకి చదువుతావా లోపలేనా?"

ఆమె మంచువలలు అల్లుతుంది. తెల్లవారుజామున పైకప్పు మీద కట్టే వలలు, మంచు పట్టి తాగేనీళ్ళు దించేవి. జబ్బులోనూ మానలేదట. చేతులకు పనుంది గానీ చెవులకు లేదు, పొద్దుటిపూట వచ్చి ఏదైనా చదివిపెట్టమంది. మోత వచ్చేది సాయంత్రం కదా అనుకున్నాను. సరేనన్నాను.

ఆమెను కాదనలేకపోయాను అని రాయబోయాను. అది నిజం కాదు. వెళ్ళాలనిపించింది.

4

మోత: ఐదు. చోటు: వెన్ను, ఎడమ మోకాలు, పక్కటెముకలు. ఒకసారి పొద్దున కూడా.

అట్టలేని పాత నవల ఒకటి చదువుతున్నాం. పడవ నడిపేవాడి పెళ్ళాం కథ. హైమక్క అడుగడుగునా అడ్డొస్తుంది. "ఆ మొద్దుకి చెప్పకుండా పోతుందేం?" "చెప్తే కథెక్కడిదమ్మా?" అని తనే జవాబు చెప్పుకుంటుంది. నేను నవ్వాను. నా నవ్వు గట్టిగా ఉంటుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఇవాళ మోత వేళ కాని వేళ వచ్చింది. వాక్యం మధ్యలో. హైమక్క చేతిలో అల్లిక సూది ఆగింది. నా గొంతు ఆగింది. ఇద్దరి ఎడమ కాళ్ళూ ఒక్కసారే లోపలికి ముడుచుకున్నాయి. పొయ్యి దగ్గర సత్తిరాజుగారు గంటె తిప్పుతున్నారు. మమ్మల్ని చూసి, గంటె వదిలేసి, "అబ్బా" అన్నారు.

మోత దిగాక హైమక్క నా మొహంలోకి చూసింది.

"నీకేమైందే?"

"నెలసరి అక్కా."

"ముందే చెప్పొద్దా మరి!" డబ్బాలోంచి నువ్వుండ తీసి చేతిలో పెట్టింది. ఆయన వైపు తిరిగింది. "పాపం, మీరూ కూచోండి. ముగ్గురం ముగ్గురమే."

నువ్వుండ తిన్నాను. కాన్వెంట్‌లో పడుకునే ముందు ఆ రోజు చేసినవి ఒక్కొక్కటీ తలుచుకోమనేవారు. చెప్పిన అబద్ధం ఒక తప్పు. తీసుకున్న తీపి ఇంకో తప్పు. రెండోది ఎక్కువ సేపు నోట్లో ఉంది.

5

మోత: ఐదు. చోటు: వెన్ను.

సత్తిరాజుగారు కిందికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు.

"చేప తలకాయ నాకే వేస్తంది తల్లీ. సగం మోసేవాడికి బలం కావాలంట. నా చేతికి నూనె రాస్తంది. ఆవిడ నన్ను చూసి నవ్వుద్ది చూడు, అప్పుడు నాకు ఆ తీగ మీంచి దూకేద్దామనిపిస్తంది."

పీట జరిపాను గానీ ఆయన కూర్చోలేదు.

"అందుకే బండి దగ్గరే ఉండిపోతన్నా. ఇంటికి రాబుద్ధెయ్యట్లేదు." కాసేపు తన అరిచేతులు చూసుకున్నారు. "నేర్చుకుంటే వచ్చుద్దా అది? నువ్వెట్టా నేర్చుకున్నావు?"

"నేర్చుకుంటే రాదండి. ఒంటి తీరు," అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయారు. ఆయన నమ్మిన తీరు చూస్తే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు.

రాసిపెడతాను. నేర్చుకుంటే వస్తుంది. నాకు అలాగే వచ్చింది. మొదట ఒక వంతుతో మొదలుపెట్టించారు, తర్వాత రెండు. బిళ్ళ అంచున పది గాట్ల చిన్న చక్రం ఉంటుంది. మోతమనుషులందరికీ తెలుసు. పెళ్ళి బిళ్ళలకూ అదే చక్రం ఉంటుంది, ఐదో గాటు దగ్గర ఆపి దాని మీదే లక్క పోస్తారు. పెళ్ళైనవాళ్ళు ఎవరూ లక్క కింద ఏముందో చూడరు. మొగుడంటే సగం, పెళ్ళామంటే సగం. సగం కాకపోతే ఏమీ కాదు. సత్తిరాజుగారు మూడు పూటలు సగం మోసి పడిపోయారు. కాబట్టి తాను ఏమీ మోయలేనని నిశ్చయించుకున్నారు.

చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. చెప్పలేదు. మొదట గది పోతుందని చెప్పలేదు. ఇప్పుడు కారణం వేరు. "మెత్తగా పట్టారు" అని ఆమె అన్నప్పుడల్లా గొట్టం దగ్గర నిలబడేది నేను. ఆ మాట చేరాల్సిన చోటికే చేరుతోందని నాకు అనిపించడం మొదలైంది.

6

మోత: ఐదు. చోటు: అంతటా.

ఇవాళ సత్తిరాజుగారు మోత వేళకు ఇంట్లో లేరు. పైగదిలో ఎవరూ మూలగలేదు. మోత దిగాక హైమక్క ఎవరితోనూ మాట్లాడలేదు. నేను పుస్తకంలో అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను.

7

మోత: ఐదు, పొద్దుటి వరకు.

పొద్దున్నే గొడవ. గొట్టం అక్కర్లేదు, మిద్దెంతా వినిపిస్తోంది.

"నేను మోయమని కాళ్ళు పట్టుకున్నానా? మోసి మోసి నా మీద అసహ్యం పుట్టింది మీకు. నాకు తెలీదనుకుంటున్నారా? తిండి తిన్నప్పుడు నా మొహం చూడరు. నిన్న మెట్ల మీదెక్కడో కూచుని మోసుకున్నారు గానీ నా పక్కన ఉండలేదు. ఉండబుద్ధి కాలేదు!"

"అది కాదే హైమా..."

"ఏది కాదు? చెప్పండి, ఏది కాదు?"

ఆయన అడుగుల చప్పుడు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"పోనీ వదిలేయండి. మీ సగం నాకిచ్చేసి హాయిగా ఉండండి. మా అక్క దగ్గరికి పోతాను. మందూ వద్దు, మీ మోతా వద్దు. జబ్బుతో పోతే ఒక్కదాన్నే పోతాను. ఇలా అయితే ఇద్దరం పోతాం."

నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. వెళ్ళి చెప్పాలని తెలుసు. ఆయనే చెప్తారేమో అని చూశాను. ఆమె కోపం చల్లారుతుందేమో అని చూశాను. పెట్టె మూత పడిన చప్పుడైంది. మెట్లెక్కాను.

తలుపు తీసే ఉంది. హైమక్క మంచం మీద కూర్చుని పెట్టె తాడు బిగిస్తోంది. బిళ్ళ ఇంకా చెవి వెనకే ఉంది. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"వచ్చావా దయా. నువ్వైనా చెప్పు ఈ మనిషికి, దారి వదలమని."

"అక్కా, మీ సగం నేను మోస్తున్నాను."

తాడు మీద ఆమె చేతులు ఆగాయి.

"మొదటి మూడు పూటలు ఆయన. తర్వాత నేనే. ఆ ఐదు వంతులూ నా బిళ్ళకే వస్తున్నాయి, ఆయన బిళ్ళకు ఏమీ చేరడం లేదు."

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన నిలబడ్డచోటే నేల మీద కూర్చుండిపోయారు.

"మరి ఆ మూలుగులు?"

"ఊరికే," అన్నారాయన.

"ఊరికే." ఆమె ఆ మాటను ఒకసారి అని చూసుకుంది. "ఎన్ని చేప తలకాయలు తిన్నారండీ! ఉప్పు చాల్లేదని వంక కూడా పెట్టారు."

ఆయన మోకాళ్ళ మధ్య తల దించుకున్నారు. ఆమె నా వైపు తిరిగింది. ఆ గొంతు వేరు.

"నెలసరి అన్నావు."

"అబద్ధం."

"నా నొప్పి ఒంట్లో పెట్టుకుని, నా ఎదురుగా కూచుని కథలు చదివావు."

"అవును."

"మా మాటలు వినపడేవా?"

"గొట్టంలోంచి."

"నవ్వొచ్చిందా?"

"లేదక్కా." ఆపేయొచ్చు. ఆపలేదు. "బాగున్నాయి. మీరు ఆయన్ని మెచ్చుకున్నప్పుడు నన్నే అనుకునేదాన్ని."

మొదటి మాటకన్నా ఈ మాటకే ఆమె మొహం మారింది. చీర కొంగు దగ్గరికి లాక్కుంది, ఇంట్లో పరాయివాళ్ళు ఉన్నట్టు.

"ఇంకొకటి ఉంది," అన్నాను. లక్క గురించి చెప్పాను. చక్రం, పది గాట్లు. సగమే మోయాలని లేదని, ఒక్క వంతైనా మోయొచ్చని. ఆయన అడిగినప్పుడు తెలిసి కూడా రాదని చెప్పానని.

సత్తిరాజుగారు తలెత్తారు.

"ఒక్క వంతా? ఒక్క వంతు పట్టలేకపోయేవాణ్ణా తల్లీ నేను?"

అరిచి ఉంటే బాగుండేది. మామూలుగానే అడిగారు. నేను కింద గచ్చు చూశాను.

"ఒక్క వంతు మొగుడి వంతెలా అవుద్దిలే," అన్నారు మళ్ళీ ఆయనే. "పెళ్ళిలో సగం అన్నాను."

"ముల్లు గుచ్చినప్పుడు అన్నారు," అంది హైమక్క. "గునపం దిగుతుందని మీకెవరూ చెప్పలేదుగా. లక్క పోసిన పురోహితుడు ఏమైనా మోస్తాడా?"

మంచం దిగి, గోడ పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది. చేతిలో వలలు అల్లే సూది. ఆయన చెవి పట్టుకుని తల పక్కకు వంచింది.

"హైమా, హైమా, పెళ్ళి ముద్రే అది!"

"కదలకండి. తాళి తెంపట్లేదు, లక్క పీకుతున్నాను."

ఎర్రని పెచ్చులు ఆయన భుజం మీద రాలాయి. కింద సన్నని చక్రం, పెళ్ళినాటి నుంచి గాలి తగలని ఇత్తడి. ఆమె దాని మీద గోరు ఆనించింది. ఒకటో గాటు దగ్గరికి ఎటు తిప్పాలో నేను చెప్పాను. ముందు వైపుకి, అక్కా.

తిప్పాక ఆమె మళ్ళీ మంచం మీద కూర్చుంది. నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నీది నాలుగు పెట్టుకో. పని పనిలా చెయ్యి. మెత్తగా పట్టావని నేను చెప్పను. పైకి రాకు."

"సరే అక్కా."

"అక్కా అనకు."

"సరేనండి."

పెట్టె తాడు విప్పలేదు. అలాగే మంచం పక్కన ఉంది. నేను తలుపు దగ్గరగా వేసి దిగి వచ్చాను.

8

మోత: నాలుగు. చోటు: వెన్ను, ఎడమ మోకాలు.

గొట్టంలో గుడ్డ కుక్కబోతే పైనుంచి ఆమె గొంతు వచ్చింది. "కింద అమ్మాయ్, గొట్టం తెరిచే ఉంచు. గాటు మార్చాలంటే చెప్పాలి." తెరిచే ఉంచాను. ఇప్పుడు వినడం కూడా పనిలో భాగం. వినాలనిపించిందని మాత్రం రాసుకుంటున్నాను.

సాయంత్రం మందు తర్వాత మోత మొదలైంది. తగ్గిన ఒక్క వంతు ఎక్కడ తగ్గిందా అని ఒళ్ళంతా వెతికాను. తెలియలేదు. వంతు అంటే అంత చిన్నది. అంతలో పైన ఏదో గిన్నె దొర్లింది.

"అమ్మో! అమ్మ బాబోయ్!"

"తన్నకండి! నా మీదకొస్తోంది, తన్నకండి. ఒళ్ళు వదలండి."

"ఎట్టా వదిలేది?"

"నాకేం తెలుసు, నేనేమన్నా కింద పిల్లనా? ఇదిగో, ఈ వల చూడండి. దీని కళ్ళు లెక్కపెట్టండి."

"ఒకటి... రెండు... ఓర్నాయనో..."

"రెండు దాటండి ముందు."

ఆమె నవ్వుతోంది. నవ్వులో ఏడుపు కూడా ఉంది, నాలుగు వంతుల దూరం నుంచి నాకు తెలుస్తోంది. పుస్తకం తెరవలేదు. గోడ చూస్తూ మోశాను.

మోత కాస్త తగ్గింది. ఆయన ఊపిరి పెద్దగా వినిపిస్తోంది. పడవ లాగినవాడిలా.

"ఇది పదో వంతేనా హైమా?"

"పదో వంతే."

"నీ దగ్గర ఎన్నున్నాయి?"

"ఐదు."

చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆయన వెళ్ళిపోయారేమో అనుకున్నాను. తలుపు చప్పుడు కోసం చూశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. వెళ్ళిపోతే ఆ వంతు నాకే తిరిగొస్తుందని కూడా అనుకున్నాను.

"రోజూనా?" అన్నారాయన.

"రోజూనే. ఇంకెప్పుడనుకున్నారు?"

"ఇంకో గాటు తిప్పు."

"చాల్లెండి. ఒక్కదానికే గిన్నె తన్నేశారు."

"తిప్పమంటన్నానా! రేపు తీసేస్తానేమో తెలీదు. ఇవాళ మాత్రం తిప్పు."

సన్నగా, ఇత్తడి కదిలిన చప్పుడు. వెంటనే ఆయన మూలుగు. ఈసారి అరుపు కాదు. పళ్ళు బిగించి కూడా కాదు. వదిలేయడం రాక, వదిలేయాలని చూస్తున్న మనిషి మూలుగు.

"కింద అమ్మాయ్," అంది హైమవతిగారు. "నీది మూడు చేసుకో."

"సరేనండి," అన్నాను.

చెవి వెనక చెయ్యి పెట్టాను. వేలి గోటికి గాటు తగిలింది. తిప్పడం ఎంతో తేలిక. కానీ వేలు అక్కడ కాసేపు ఆగింది. ఆ కాసేపూ వాళ్ళ వంతు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది ఎవరిదో నాకు తెలుసు.

తర్వాత తిప్పాను.